కాకర పందిరి వారసులు

ఆగస్టు పదిహేడో తేదీ, మంగళవారం. తెల్లవారింది మొదలు సన్నని తుంపర; గాలి లేదు, ఒకటే ఉక్క. ఈగ కథకు తేదీ ఎందుకంటారేమో, పండుఈగ బతుకులో ఒక్కో రోజూ ఒక్కో ఏడు. ముసలి పండుఈగ నూకాలమ్మకు కడసారి గుడ్లు పెట్టే రోజది.

వానలకు ఈగలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. కాకర పందిరంతా జాతరలా ఉంది. నూకాలమ్మ మాత్రం కంచె మీది కాకిదొండ తీగ వైపు కదిలింది.

"ఏం పెద్దమ్మా, ఇంత లావు కాకరకాయలుండగా ఆ గోలీకాయలా నీకు?" అని నవ్వింది చెల్లెలి కూతురు పైడమ్మ.

"పుచ్చి రాలిన కాయలన్నీ రైతు మొన్న గోతిలో పూడ్చాడే పిల్లా. మన బిడ్డలు వాటిలోనే ఉన్నారు. కంచె మీది కాయ ఎవరూ ఏరరు, కంచె కింద ఎవరూ దున్నరు."

"వేలమందిమి ఉన్నాం. ఎన్నని పూడుస్తాడు?"

అదీ నిజమేననిపించింది నూకాలమ్మకు. రెక్కలు బరువెక్కాయి. అయినా వెళ్లింది.

చలికాలానికి పందిరి ఎండింది. రైతు దున్నేసరికి, మట్టిలో దాగిన ఈగపిల్లల గూళ్లు బయటపడ్డాయి.

ఆ దుక్కి గోరింకలకు దక్కింది. కంచె, దానితోపాటు మళ్లీ వానలు పడేదాకా అర్ధాకలి నూకాలమ్మ వారసులకు దక్కాయి. వేలమంది చుట్టాలున్న పైడమ్మ వారసులకు ఏమీ దక్కలేదు.