పదింటి పడవలు

"ఆ నోట్‌బుక్ ఇలా ఇవ్వండి."

ట్రావెల్ ఆఫీసులో అందరూ తలలెత్తి చూశారు. ప్లానింగమ్మ గొంతు అంత పైకి లేవడం వాళ్ళెప్పుడూ వినలేదు.

యాత్రల పట్టికలన్నీ వేసేది ఆమే కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడామె చేతిలో ఉన్నది ఆర్కిటిక్ యాత్ర. మంచు కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన ఫియోర్డ్‌లు, కొండ ఎక్కడం, తిమింగలాలను చూడటం, మూడో రోజు గైడ్ తోడు లేకుండా ఎవరి తెడ్డు పడవ వాళ్ళే నడుపుకోవడం. సాయంత్రం ఐదులోపు ప్లాను ఖాయం చేసి పంపాలి.

వెళ్ళేది పన్నెండు మంది. అందులో ఆమె తమ్ముడూ మరదలూ ఉన్నారు.

ఆమె నోట్‌బుక్ అడిగిన ఈ ముసలాయన మూడు రోజులుగా వస్తున్నాడు. గోడకు అంటించిన ప్లాను ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుంటూ ఏదో రాసుకుంటున్నాడు. ఎదురు వీధి ట్రావెల్స్ వాళ్ళు పంపిన మనిషేనని ఆమె అనుమానం. కిందటేడు వాళ్ళు ఈ ఆఫీసు యాత్రనొకదాన్ని మక్కికి మక్కి దించేశారు మరి.

ఆయన నోట్‌బుక్ ఇవ్వలేదు. "మూడో రోజు ఇరుకు దారిలోకి పడవలు పదింటికని రాశారు. ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు.

"కిందటేడు పదింటికే వెళ్ళారు. అందరూ లక్షణంగా తిరిగొచ్చారు."

"అంటే, పాత ప్లానుకే తేదీలు మార్చావన్న మాట."

ఆమె తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది.

"నీళ్ళు మన గడియారం చూసి కదలవు తల్లీ. నేను కూడా ఆ..." అని ఆయన ఇంకేదో చెప్పబోయాడు.

ఆమె విననే లేదు. నోట్‌బుక్ లాక్కుని, రాసిన పేజీ చించి, అందరి ముందూ తలుపు చూపించింది.

ఆయన కలానికి మూత పెట్టుకున్నాడు. "పదింటికి మాత్రం పంపకు" అని, ఒక కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మంచి పని చేశావన్నాడు మేనేజరు.

పులి మీద పుట్రలా నాలుగున్నరకు ఒక సీటు రద్దయింది. ఏడో నంబరు. ఆన్‌లైన్లో బుక్ చేసుకున్న మనిషి, కారణం రాయలేదు. వెయిటింగ్ లిస్టులో ఉన్న ఒకరికి మేనేజరు ఐదు నిమిషాల్లో ఆ సీటు ఇచ్చేశాడు.

ఐదుకు పదిహేను నిమిషాలుంది. బటన్ నొక్కితే అయిపోతుంది. వేలు కదల్లేదు.

తమ్ముడికి ఈత రాదు.

బల్ల మీద ఉండచుట్టి పడేసిన పేజీని విప్పింది. ఎవరి ప్లానూ అందులో లేదు. ఒక లెక్క ఉంది. దాని కింద, "మూడో రోజు పన్నెండూ నలభైకి నీళ్ళు నిలుస్తాయి. అరగంటే వ్యవధి" అని రాసి ఉంది.

ఆమె అక్కడి గైడ్‌కు ఫోన్ చేసి ఆ లెక్క చదివి వినిపించింది.

ఆ దారిలో సముద్రం లోపలికొకసారి, బయటికొకసారి పరుగెడుతుందని, మధ్యలో కాసేపు మాత్రమే నిలుస్తుందని అతను చెప్పాడు. ఆ వేళ రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుందట. ఈసారి మూడో రోజు పదింటికి అందులో దిగితే ఎంత ఈతగాడైనా బయటికి రాడట.

ఆమె పడవల వేళను పన్నెండూ నలభైకి మార్చింది. ఐదుకు రెండు నిమిషాలుందనగా ప్లాను పంపింది. తమ్ముడు బతికాడనుకుంది.

ఇంతకీ పన్నెండూ నలభై అని లెక్క కట్టిందెవరని ఫోన్‌లోనే ఉన్న గైడ్ అడిగాడు.

"ఎవరో పెద్దాయన. కాలు ఈడుస్తూ నడుస్తాడు" అంది.

అవతల గైడ్ నవ్వాడు. ఆ నీళ్ళలో ముప్పయ్యేళ్ళు పడవ నడిపి, తామందరికీ తెడ్డు పట్టడం నేర్పిన గురువుగారు ఈసారి యాత్రికుడిగా వస్తున్నారని ఊరంతా రేవు దగ్గర కాచుకుని ఉంటుందని, మీ పట్టికలో ఏడో నంబరు ఆయనదేనని అతను సంబరంగా చెప్పుకుపోతున్నాడు.