సోమావధానిగారి అరవై మార్కులు

మేనేజ్‌మెంటు కళాశాలల ప్రవేశపరీక్షలో అరవై మార్కులు రానిదే క్షురకుడు కత్తి పట్టకూడదు, పూజారి గంట కొట్టకూడదు అన్న చట్టం వచ్చి పదేళ్ళయింది. తెనాలిలో జ్యోతిషం చెప్పుకొనే సోమావధానిగారు ఆ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారీ తప్పితే వాకిట్లో బోర్డు దించవలసిందే.

కూతురు హైమవతి పాత ప్రశ్నపత్రం చదివి వినిపించింది. "రైలు సోమవారం ఎనిమిదింటికి బెజవాడలో బయలుదేరింది. డ్రైవరుకు నలభై ఏళ్ళు. విశాఖ ఎప్పుడు చేరుతుందో చెప్పడానికి ఈ సమాచారం సరిపోతుందా?"

"భేషుగ్గా సరిపోతుంది. బయలుదేరింది రాహుకాలంలో. ఆలస్యంగా చేరుతుంది."

"సరిపోదు అనాలి నాన్నా!"

"ముప్పై ఏళ్ళుగా గడప తొక్కిన ఒక్కడితోనైనా ఆ మాట అన్నానటే? అంటే మనింట్లో పొయ్యి వెలిగేదా?"

ఆ పొయ్యి కోసమే ఆయన నెల రోజులపాటు స్నానం చేస్తూ, విస్తరి ముందు కూర్చుని, "సరిపోదు, సరిపోదు" అని వల్లించారు. భార్య ఆ మాట నమ్మి మారు వడ్డిస్తూ పోయింది. పొట్ట పెరిగింది గాని, పరీక్షలో అరవై రెండు వచ్చాయి.

మర్నాడే ఒక ధాన్యం వ్యాపారి మనవరాలి జాతకం ముందుంచి, పెళ్ళెప్పుడని అడిగాడు. అలవాటుపడిన నాలుక ఆగలేదు.

"ఇచ్చిన సమాచారం సరిపోదు," అనేశారు అవధానిగారు. నోటిదాకా వచ్చిన కూడు తానే కాలదన్నుకున్నానని ఆయన నాలుక కరుచుకున్నారు.

వ్యాపారి చేతులు జోడించాడు.

"ఇంత పెద్ద దోషం ఉందని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదండీ అయ్యగారూ! దీనికి శాంతి ఏం చేయించమంటారు?"