బొమ్మను మెచ్చిన అవ్వ

"గీ దరిద్రపు బొమ్మ ఇయ్యాల్టితోటి బంద్! దాంతోటి నువ్వు సుత బంద్!" టూరింగు టాకీసు డేరా ముందల నిలబడి మారయ్య సేటు అరిశిండు.

వెంకటనర్సు డేరాలకెల్లి ఉరికొచ్చిండు. నందికొండ డ్యాం కూలీలకు ఇంగ్లీషు అర్థం గాదని, బొమ్మ ఆడుతుంటే మైకుల తెలుగుల కథ చెప్పేతందుకు పెట్టుకున్న మనిషి ఆయన. రేపు తెలుగు బొమ్మ వస్తే ఆయనతోటి ఏం పని?

"మంచి బొమ్మ సేటూ..."

"ఏం మంచి? లండన్ల పేపరోళ్లే థూ అని ఉమ్మేశిండ్రట! మనోళ్లు నడుమల్నే లేశి పోతున్నరు. గిసొంటిదాన్ని మెచ్చెటోనివి నువ్వొక్కనివే. నీ మొకం మన్నువడ!"

నిజం చెప్పాలంటే వెంకటనర్సుకు ఇంగ్లీషు ముక్క రాదు. తెర మీద దొర పెదవులు కదిలితే చాలు, నోటికొచ్చింది చెప్తడు. తల్లి పోయినంక డేరాలనే వండుకొని డేరాలనే పండుకునే ఒంటరి పాణం. దినమంతల ఆయన మనసు విప్పి మాట్లాడేది గా మైకులనే.

"ఒక్కరన్న మెచ్చుకుంటే ఉంచుతవా సేటూ?"

"ఏదీ, ఒక్కర్ని చూపెట్టు!"

వెంకటనర్సు పాణం లేశొచ్చింది. అండాలవ్వ ఉన్నది గద! వారం దినాలసంది ఒక్క ఆట ఇడువలే. ఆడోళ్ల దిక్కు, అందరికన్న ముందట ఇసుకల కూసుంటది. బొమ్మల పొడుగు కోటేసుకున్న కొడుకు మంచుల నడిచొచ్చి తల్లిని 'అవ్వా' అని పలకరించే కాడ, తనల తను ఏదో గొణుగుతది. రసం తెలిసిన మనిషంటే గామె!

అప్పుడే అవ్వ డేరా తాడు పట్టుకొని మెల్లగ వస్తున్నది. సేటు ఎదురువోయిండు.

"అవ్వా, బొమ్మ ఎట్లున్నది?"

"నాకేం ఎరుక బిడ్డా? కండ్లకు పొరలొచ్చి మూడేండ్లాయె. అంతా చీకటే."

సేటు పకపక నవ్విండు. వెంకటనర్సు తల వంచుకున్నడు. ఉన్న ఒక్క ఆశ సుత పాయె.

"మరి రోజూ ఎందుకొస్తున్నవ్ అవ్వా?" అన్నడు సేటు నవ్వాపుకుంట.

"ఇంట్ల ఒక్కదాన్నే. పలకరించే దిక్కు లేదు. గా మైకుల పిల్లగాడు రోజూ 'అవ్వా, తిన్నవా?' అని అడుగుతడు గద. 'తిన్న బిడ్డా' అని చెప్పి పోదామని వస్తున్న."