నాలుగడుగుల లోతు

టౌన్‌హాల్లో మైకు మూడోసారి కూడా సత్తియ్య చేతికి రాలేదు.

వాకర్స్ క్లబ్బు ప్రెసిడెంటుకు వెళ్ళింది. బీచ్‌లో నూడుల్స్ బండి పెట్టుకుంటానన్న ఆయనకు రెండుసార్లు వెళ్ళింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి మున్సిపల్ ఈత కొలనులో లైఫ్‌గార్డుగా పనిచేస్తున్న మనిషికి మాత్రం వెళ్ళలేదు. ప్రజాభిప్రాయ సేకరణ అంటే అంతే మరి. అభిప్రాయం ఉన్నవాడు వెనక వరసలో కూర్చుంటాడు.

స్టేజీ మీది తెరపై "ఈత కొలనులు, బీచ్‌లు: రాబోయే పదేళ్ళు" అని పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. కింద బొమ్మలో పాత కొలను లేదు. దాని చోట పదడుగుల లోతుతో కొత్తది, డైవింగ్ బోర్డుతో సహా. పక్కన బీచ్. గొడుగులు, కుర్చీలు, ఐస్‌క్రీములు, నీళ్ళలో నవ్వుతున్న జనం. తెర మీద సముద్రం ఎప్పుడూ బుద్ధిగానే ఉంటుంది. ఆ జనాన్ని చూసుకునేవాడి బొమ్మ గీయడం మాత్రం ఎవరికీ తట్టలేదు.

సత్తియ్య మైకు లేకుండానే లేచాడు.

"అయ్యా, లోతు నాలుగడుగులు దాటొద్దండి."

హాల్లో నవ్వులు. ప్లాను గీసిన కన్సల్టెంటు గణేష్‌బాబు కూడా నవ్వాడు.

"నాలుగడుగులంటే బాత్‌టబ్బండి మాస్టారూ. మన పిల్లలు పోటీలకెళ్ళాలా, వద్దా?"

"వెళ్ళాలండి. బతికుంటేనే కదండీ వెళ్ళేది."

నవ్వులు ఆగాయి.

"ఇన్నేళ్ళలో నా కొలనులో ఒక్క ప్రాణం పోలేదండి. ఎందుకనుకున్నారు? కట్టిన తాడు దాటి ఒక్కణ్ణీ వెళ్ళనివ్వను. ఎవరన్నా తడబడితే గట్టు మీంచే వెదురు గెడ అందిస్తాను. పదడుగుల్లో గెడలు పనికిరావండి, మనిషి దూకాలి. నలుగురు కుర్రాళ్ళని తీసుకోండి. నీళ్ళలో దింపి, పరీక్ష పెట్టి మరీ తీసుకోండి. ఆ తరవాత పాతాళం దాకా తవ్వుకోండి, నేనడగను."

"కొత్త పోస్టులు ఇప్పట్లో రావండి" అన్నాడు గణేష్‌బాబు.

డైవింగ్ బోర్డు మాత్రం వచ్చేస్తుంది. సత్తియ్యకు ఒళ్ళు మండిపోయింది. రేపు ఎవరి బిడ్డో మునిగితే ఈ గణేష్‌బాబు ఇంకో ఊళ్ళో ఇంకో బొమ్మ చూపిస్తూ ఉంటాడు. ఆ తల్లికి జవాబు చెప్పాల్సింది తను.

కమిషనర్ ఉషారాణిగారు మైకు అందుకున్నారు. మంచావిడ. ఎవరినీ కసురుకోరు.

"సత్తియ్యగారూ, మీలాంటివాళ్ళు ఉండబట్టే మాకు ధైర్యం. అందుకే బీచ్ బాధ్యత కూడా మీకే ఇస్తున్నాం. వచ్చే ఆదివారం నుంచి మీరే హెడ్ లైఫ్‌గార్డు."

చప్పట్లు మోగాయి. సత్తియ్య రెండు చేతులూ జోడించాడు.

"బీచ్‌కి నేనొద్దండి మేడమ్. సముద్రం సంగతి నాకు తెలుసండి. నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న చేపల వేటకెళ్ళి రాలేదండి. అప్పట్నుంచీ మా అమ్మ నన్ను..."

మైకు ఈసారి నూడుల్స్ ఆయనకు మూడోసారి వెళ్ళింది.

మర్నాడు సత్తియ్య ఆఫీసుకు వెళ్ళి హెడ్ క్లర్కు తాతాజీ బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. తనను పార్కుల సెక్షనుకు మార్చమని. అలాంటి కాగితం ఇవ్వడం ఇది నాలుగోసారి.

తాతాజీ చదివి కళ్ళజోడు తీశాడు. "హెడ్ పోస్టు ఇస్తుంటే మొక్కలకి నీళ్ళు పోసుకుంటానంటావేంటయ్యా? వయసైపోయిందా?"

"ఆయ్, అలాగే అనుకోండి."

"సముద్రం ఒడ్డున పుట్టిన ఉప్పాడోళ్ళకి వయసేంటయ్యా బాబూ! మీకు నడక కన్నా ముందు..."

ఫోను మోగింది. తాతాజీ కాగితాన్ని పాత మూడింటి పక్కన పెట్టి ఫోనెత్తాడు. సత్తియ్య ఏదో చెబుదామని నోరు తెరిచాడు. ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉందని గుర్తొచ్చి మూసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం బీచ్ కిటకిటలాడింది. కొత్త ఎర్ర టీషర్టు, మెడలో ఈల. పొద్దున్నుంచీ సత్తియ్య కుర్చీలో కూర్చోలేదు. ఎవరి పాదాలు తడిసినా ఈల. మోకాళ్ళ దాకా దిగితే ఈలతోపాటు తిట్లు.

"ఇదెక్కడి చాదస్తమండి బాబూ! బీచ్‌కొచ్చి కాళ్ళు కడుక్కుని పోవాలా?" అంది పెద్దాపురం నుంచి కుటుంబంతో వచ్చిన సూర్యకళ.

"పొండి. కాళ్ళు కడుక్కునే పొండి" అన్నాడు సత్తియ్య. గొంతు బొంగురుపోయింది.

ఆవిడ మొహం ముడుచుకుని దూరంగా, ఈల వినబడని చోటికి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలోకి దిగింది.

అల పెద్దదేం కాదు. కానీ వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను లాక్కుపోయింది. సూర్యకళ కూలబడింది. రెండో అల ఆవిణ్ణి లోపలికి ఈడ్చింది.

"అమ్మో! మా ఆవిడండీ!" ఆవిడ భర్త ఒడ్డున గుండెలు బాదుకున్నాడు.

సత్తియ్య పరుగెత్తుకొచ్చాడు. జనం దారి ఇచ్చారు. వందలమంది కళ్ళు అతని ఎర్ర టీషర్టు మీదే ఉన్నాయి.

"లైఫ్‌గార్డొచ్చాడు, భయం లేదు" అన్నారెవరో.

"దూకండి బాబూ, దూకండి!"

నీళ్ళ అంచున సత్తియ్య కాళ్ళు ఆగిపోయాయి.

ఇరవై రెండేళ్ళ కిందట ఇంటర్వ్యూలో ఉప్పాడ పేరు వినగానే నవ్వి సంతకం పెట్టేసిన పెద్దమనిషి, ఈత వచ్చా అని ఒక్క మాట అడిగుంటే, రాదని సత్తియ్య ఆ రోజే చెప్పేసేవాడు.