మాటల్లేని వేషం

"మాటల్లేని వేషమా? నేను మూగవాణ్ణి కాదయ్యా," అంటూ ఆంబ్రోస్ థాకెట్ మేకప్ కుర్చీలోంచి లేచాడు.

నిర్మాత మోరీ లుబ్లిన్ కంగారు పడలేదు. హాలీవుడ్ గోవర్ వీధిలో వారానికో దయ్యాల సినిమా చుట్టి, ఒకే టిక్కెట్టు మీద ఆడేలా పెద్ద సినిమాలకు జోడీగా అమ్ముకునే మనిషి. అలిగిన నటుల్ని రోజూ చూస్తూనే ఉంటాడు.

"మీరు కళ్లెత్తి చూస్తే చాలు, హాల్లో ఆడవాళ్లు మొగుళ్ల చేతులు గట్టిగా పట్టుకుంటారు. మధ్యలో మాటలెందుకు పెద్దాయనా?"

థాకెట్ మెత్తబడ్డాడు. ఒకప్పుడు అతని రక్తపిశాచి వేషానికి జనం బారులు తీరేవారు. ఇప్పుడు ప్రతి శనివారం పాత కార్ల దుకాణం ముందు శవపేటికలోంచి లేచి, కొనేవాళ్లను పిలుస్తున్నాడు.

మాటలు వదులుకుంటాను గానీ ఊరికే కాదన్నాడు. ఇది మొదలుకొని మోరీ తీసే ఆరు సినిమాల్లోనూ తాను ఉండాలి, పోస్టరు మీద తన పేరే పైన పడాలి, అదంతా కాగితం మీద రాయాలి. మోరీ ఒక్క షరతు చేర్చాడు: డబ్బు మాత్రం పని చేసిన రోజుకే. ఆరు సినిమాలంటే తక్కువలో తక్కువ ముప్ఫై రోజులని థాకెట్ మనసులో లెక్క కట్టాడు. మోరీ మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

బేరమాడకుండా ఒప్పుకున్నవాణ్ణి చూసి ఎవరైనా జాగ్రత్త పడతారు. థాకెట్ పొంగిపోయాడు. అక్కడి నుంచే కార్ల దుకాణానికి ఫోన్ చేసి, ఇంకో శవాన్ని వెతుక్కోమన్నాడు.

వెనక నల్లగుడ్డ కట్టి, ముందు కుర్చీ వేసి, కెమెరాను ముఖం మీదికి తెచ్చారు. ఎడమకు చూడమన్నారు, కుడికి చూడమన్నారు, నవ్వమన్నారు, చావమన్నారు. తర్వాత డాక్టరు కోటు తొడిగి మళ్లీ అదే చేయించారు. ఆ పైన తలారి ముసుగు, సన్యాసి అంగీ. ఇన్ని వేషాలేమిటని థాకెట్ అడిగితే, మారువేషాల హంతకుడి కథన్నాడు మోరీ.

కెమెరామన్ డెల్మర్ లెన్సు తుడుస్తున్నట్టు దగ్గరికి వచ్చాడు.

"అన్నీ ఈ ఒక్కరోజే ఇచ్చేయకు బాబాయ్," అన్నాడు గొంతు తగ్గించి.

"అడిగినంతే ఇవ్వడానికి నేను కిరాణా కొట్టువాణ్ణా?" అన్నాడు థాకెట్. ఎవరూ అడగకుండానే విషం తాగి ఒకసారి, తూటా తగిలి ఒకసారి, గుండెల్లో మేకు దిగి ఒకసారి చచ్చి చూపించాడు. సెట్టంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా మోరీ కొట్టాడు.

ఆ తర్వాత రెండు నెలలు థాకెట్ ఫోను పక్కనే కూర్చున్నాడు. అది మోగలేదు. కార్ల దుకాణంలో అతని పేటిక ఇంకొకడికి వెళ్లిపోయింది. చివరికి ఒప్పందం జేబులో పెట్టుకుని, మీసం దువ్వుకుని, మోరీ ఆఫీసుకు వెళ్లాడు. సెక్రటరీ బల్ల మీద ఆ కాగితం పరిచి, రెండో సినిమా పని ఎప్పుడు మొదలవుతుందో కాస్త కటువుగానే అడిగాడు.

ఆ అమ్మాయి గౌరవంగా లేచి నిలబడింది.

"మీ ఆరో సినిమా నిన్ననే పూర్తయింది సార్," అంది. "ఆరింటిలోనూ మీరే బాగా చేశారట."