వీరవెంకటరమణ హాజరు

కొబ్బరిమట్ట మొదటి దెబ్బకి ధర్మరాజు మాస్టారి కళ్ళజోడు ఎగిరి పొయ్యి పక్కన పడింది. రెండో దెబ్బకి నుదురు చిట్లింది.

"మా రమణ పది రోజులై నాతో గన్నవరంలో కొబ్బరికాయలు ఒలుస్తన్నాడండి," అన్నాడు త్రిమూర్తులు. "తమరి పుస్తకంలో మాత్రం రోజూ బళ్ళోనే ఉన్నాడంట. ఆడి పేరు మీద వండే అన్నం ఎవరు మెక్కుతున్నారండీ?"

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మూడో దెబ్బ మోచేతి మీద పడింది. లోపల ఏదో పటుక్కుమంది. గోడవార పళ్ళేలు పట్టుకు కూర్చున్న పిల్లలు ఏడుపు అందుకున్నారు.

"చచ్చిపోతారండి, ఆపండి," అంటూ వంట చేసే హన్నా గరిటెతోనే అడ్డం వచ్చింది. త్రిమూర్తులు ఒక్క తోపు తోశాడు. వెళ్ళి బియ్యం బస్తా మీద పడింది.

"ఇంటికాడ పసిదానికి పొద్దున్న గంజి పోసొస్తే మళ్ళీ దీపాలు పెట్టేదాకా అదేనండి. బళ్ళో పేరు లేనోళ్ళకి మెతుకు పెట్టకూడదని రూలంట గదా. మరి పేరున్నోడి ముద్ద తమరు అమ్ముకోవచ్చా?"

"అమ్మలేదు."

"ఎవరు తిన్నారు మరి?"

మాస్టారు నోట్లో రక్తం ఉమ్మేశారు.

"చెప్పరన్నమాట. ఏం హన్నమ్మా, రోజూ పేర్లు పిలిచే గదా వడ్డిస్తావు. గంట కొట్టి మావోడి పేరు పిలు. ఆ పేరుకి పళ్ళెం చాచినోడి చెయ్యి ఇక్కడే విరిచేస్తాను."

"వద్దు హన్నా." మాస్టారు లేవబోయి కూలబడ్డారు. "నేనే అమ్ముకున్నాను, త్రిమూర్తులూ. నన్ను కొట్టు."

"ఇప్పుడే గదండీ అమ్మలేదన్నారు," అని త్రిమూర్తులు ఆయన డొక్కలో తన్నాడు. తనే వెళ్ళి గంట కొట్టి వచ్చాడు. మట్ట ఎత్తి పట్టుకుని అన్నం గుండిగ పక్కన నిలబడ్డాడు.

"పిలు."

హన్నా మాస్టారి వైపు చూసింది. మట్ట ఆమె మీదికి తిరిగింది.

"వీరవెంకటరమణ," అంది.

"ఆయ్," అంటూ కంచె సందులోంచి దూరి, సొట్టపళ్ళెం రెండు చేతులా ముందుకి చాచుకుంటూ పరుగెత్తుకొచ్చింది త్రిమూర్తులు నాలుగేళ్ళ కూతురు.