పిట్ట మార్కు బకెట్టు

"ఆ బకెట్టు నాకిచ్చెయ్యమ్మా. దీన్ని తీసుకో."

సైకిలు దిగిన ముసలి సాయిబు బూడిద రంగు బకెట్టొకటి అరుగు మీద పెట్టాడు.

గ్రేసమ్మ దాన్ని చూసింది. తన ఎర్ర బకెట్టును చూసుకుంది. నవ్వొచ్చింది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలం. బొల్లాపల్లిలో ప్లాస్టిక్ బకెట్లు అప్పుడప్పుడే కనపడుతున్నాయి. కూతురు జీవరత్నం పురిటికొచ్చిందని, పసివాడి స్నానాలకని, గ్రేసమ్మ తన మొగుడు సామ్యేలును నరసరావుపేట దాకా తరిమి తెప్పించుకున్న బకెట్టది. దొండపండు రంగులో నిగనిగలాడుతోంది.

ముసలాయన పగిలిన బకెట్లకు మాట్లు వేస్తాడు. సైకిలు వెనక చిన్న కుంపటి, అందులో కాలుతున్న ఇనప చువ్వ.

"మాసిపోయింది ఇచ్చి కొత్తది పట్టకపోతావా? నేనంత ఎర్రిదాన్లా కనపడతన్నానా సాయిబూ?"

"మాసింది కాదమ్మా, రంగు తక్కువేశారు. అందులో పాత సరుకు పావు వంతే, ముప్పావు కొత్తది. నీదంతా పాతదే. తెగిన చెప్పులు, ఇరిగిన మగ్గులు కరిగించి పోసింది. అదీ ఒకసారి కాదు."

"కరిగిస్తే ఏమైద్ది? మా అమ్మ నాటి ఇత్తడి కరిగించి చెంబులు పోయించాం. రాయి మీద పడ్డా సొట్ట పడలేదు."

"ఇత్తడి దారి వేరు, దీని దారి వేరు. అరిసెల పాకం ముదిరిందాకా కాస్తే ఏమైద్ది?"

"రాయి అయిద్ది. పుటుక్కున ఇరిగిద్ది."

"ఇదీ అంతే తల్లీ. కరిగించిన కొద్దీ పెళుసెక్కిద్ది. చన్నీళ్లకైతే కొన్నాళ్లు ఓర్చుకుంటది. మసిలే నీళ్లు పోస్తా ఉంటే ఒకనాటికి నిలువునా చీలిద్ది."

బకెట్టు అంచు కాస్త వంచి వదిలాడు. ఎరుపు మీద తెల్లటి గీత పడింది.

గ్రేసమ్మ ఆ గీతను కొంగుతో తుడిచింది. పోలేదు. అయినా మనసొప్పలేదు.

ఆయన బకెట్టు బోర్లించాడు. అడుగున పిట్ట మార్కు ఉంది.

"మంచి కంపెనీ సరుకు," అంది గ్రేసమ్మ గర్వంగా.

ఆయన ఆ పిట్ట మీద బొటనవేలు రాశాడు. అంతలో లోపల పసివాడు కేరుమన్నాడు.

"బాలింత ఇల్లా అమ్మా ఇది?"

"మా మనవడు. పదిహేనో రోజు. వాడి నీళ్లకి ఏళయింది, ఇంక నువ్వు బయల్దేరు."

"పోతాలే. చెంబుడు మంచినీళ్లు ఇప్పియ్యి తల్లీ."

దాహమంటే కాదనే మనిషి కాదు గ్రేసమ్మ. లోపలికెళ్లి కడవలో చెంబు ముంచుకొచ్చింది.

అరుగంతా కమురు కంపు. ఎర్ర బకెట్టు అడుగున రూపాయి బిళ్లంత కన్నం. ఆయన చేతిలో చువ్వ ఇంకా పొగలు కక్కుతోంది.

"నీ చెయ్యి పడిపోను! బంగారం లాంటి బకెట్టు కాల్చేశావేందిరా ముసలోడా!"

చెంబులో నీళ్లు ఆయన కాళ్ల ముందే పారబోసింది. జనం పోగయ్యారు. ఎదురింటి కరుణమ్మ తన ఎర్ర బకెట్టు మంచం కింద దాచి వచ్చి మరీ, అందరికంటే గట్టిగా తిట్టింది.

ఆయన బూడిద రంగు బకెట్టు అరుగు మీదే వదిలి, ఎండిన పెదాలు తడుపుకుంటూ సైకిలెక్కాడు.

గత్యంతరం లేక గ్రేసమ్మ మనవడికి ఆ బకెట్టుతోనే నీళ్లు పోసింది. పోసినప్పుడల్లా సాయిబుకు శాపనార్థాలు పెట్టింది.

సాయిబు వచ్చిపోయిన తొమ్మిదో రోజు ఎదురింట్లోంచి కేక వినపడింది.

బట్టలు నానబెడదామని కరుణమ్మ తన ఎర్ర బకెట్టులో మసిలే నీళ్లు పోసింది. అంచు నుంచి అడుగు దాకా చీలి నీళ్లన్నీ ఒక్కసారిగా ఒలికాయి. గడప మీదికి దూకింది కాబట్టి పాదాలు దక్కాయి.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనే గ్రేసమ్మా!"

గ్రేసమ్మ చీలిన ముక్క తీసి వంచింది. అప్పడంలా విరిగింది.

తాను రోజూ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆ కాళ్ల మీద పసివాడు. వాడి పక్కనే, జానెడు దూరంలో, వేణ్ణీళ్ల బకెట్టు. కరుణమ్మ దూకింది. వాడెక్కడికి దూకుతాడు?

చేతిలో ముక్క విసిరికొట్టింది.

"దాహమన్న మనిషిని ఉత్త నోటితో పంపానే తల్లీ," అని కరుణమ్మను పట్టుకుని ఏడ్చింది.

మర్నాడే కన్నం పడ్డ బకెట్టు పట్టుకుని నరసరావుపేట బస్సెక్కింది. దాన్ని అమ్మిన ప్రభాకరరావు కొట్టులో ఇప్పుడు ఎర్రవి ఒక్కటీ లేవు. వరసగా అన్నీ బూడిద రంగువే.

"అయ్యా, మాట్లేసే ముసలి సాయిబు ఎక్కడుంటాడు?"

ప్రభాకరరావు కన్నం చూడగానే నవ్వాడు.

"మీ ఊరూ వచ్చాడా? మొన్ననే కృష్ణ దాటి అవతలికి పోయాడమ్మా. ఇటు ఊళ్లన్నీ అయిపోయినయ్యంట. ఇంక రాడు."

గ్రేసమ్మ బకెట్టును కొట్టు బల్ల మీద పెట్టింది.

"ఆయనకు ఈ కన్నాల పనేందయ్యా?"

"ఎర్ర బకెట్టు ఇస్తే తీసుకుంటాడు. ఇయ్యకపోతే కన్నం పెట్టి పోతాడు. ఎటైనా కొత్తది మాత్రం ఇచ్చే పోతాడు. వాళ్లింట్లోనే ఒకటి పగిలి భార్య కాళ్లు కాలినయ్యి. అప్పటినుంచీ ఇదే తిరుగుడు."

"మాట్లేసుకునే మనిషికి ఇన్ని కొత్త బకెట్లు ఎవరిస్తన్నారు?"

ప్రభాకరరావు వరసలోంచి ఒక బూడిద రంగు బకెట్టు తీసి బోర్లించాడు. అడుగున అదే పిట్ట. గ్రేసమ్మ బకెట్టు కూడా దాని పక్కన బోర్లించి, కాలిన కన్నం చుట్టూ మిగిలిన రెక్కల మీద వేలు పెట్టాడు.

"అదీ ఇదీ రెండూ పోసింది ఆయనేనమ్మా. ఈ పిట్ట మార్కు కంపెనీ ఓనరు నూర్ మొహమ్మద్ గారు ఆయనే."